మూడు లిపులతో ఒక అట్ట: గ్రిడ్‌లో పెట్టాలా, గ్రిడ్ తీసేయాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. మా ఊళ్లో తెలుగువాళ్ల సంఘం ఒక ప్రత్యేక సంచిక వేస్తోంది. అట్ట పని నాకు అప్పగించారు. సంచిక పేరు తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటిలోనూ ఉండాలి.

నేను చేసింది ఇదీ. ఏ4 కాగితాన్ని నిలువుగా ఆరు గళ్లు చేశాను, అదే నా గ్రిడ్. ఎడమ మార్జిన్‌కి ఆనించి పేరు మూడు వరుసల్లో పెట్టాను, ఒకే సైజు, ఒకే నలుపు. కింద కుడిపక్కన చిన్న ఎర్ర చతురస్రం. మిగతాదంతా తెలుపు. కమిటీలో పెద్దాయన చూసి, "బోసిగా ఉంది బాబూ, తోరణం కట్టని గుమ్మంలా ఉంది" అన్నారు.

మా చిన్నాన్న కొడుకు ఇంకోటి చేశాడు. పాత శుభలేఖల ముక్కలు, సినిమా టిక్కెట్లు, మా ఊరి గంజప్ప పేకముక్కల గుండ్రాలు స్కాన్ చేసి ఒకదాని మీద ఒకటి పేర్చాడు. పేరులోని అక్షరాలు ఒక్కోటి ఒక్కో సైజులో వాటి మధ్య తిరుగుతున్నాయి. చూడగానే ఊరు కనిపిస్తుంది. కానీ సంచిక పేరు చదవడానికి కాసేపు వెతుక్కోవాలి.

నాది మోడర్నిజం, తనది పోస్ట్‌మోడర్నిజం అని వాడి వాదన. పేర్లు నాకూ తెలుసు, పరీక్షకి చదివినంత వరకు. అసలు ఈ రెండింటి మధ్య తగువు దేని గురించి? మా అట్టకి ఏది పనికొస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నాగావళి (రాయగడ)

తమ్ముడూ, ముందు నీ అట్ట మీద ఆ తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1919లో వైమార్‌లో వాల్టర్ గ్రోపియస్ బౌహౌస్ అనే డిజైన్ బడి పెట్టేనాటికి మొదటి ప్రపంచయుద్ధం ఆగి ఏడాది కూడా కాలేదు. జర్మనీలో అచ్చు అంటే అప్పటికి ముళ్లముళ్లగా ఉండే గోతిక్ అక్షరాలు, చుట్టూ లతలు, అంచులు. పాత ప్రపంచం కూలిపోయింది, దాని నగిషీలు కూడా పోవాలి అనుకున్నారు ఆ కుర్రాళ్లు. 1925లో హెర్బర్ట్ బేయర్ పెద్దక్షరాలే లేని ఒక లిపి గీశాడు. పలికేటప్పుడు పెద్ద 'ఎ', చిన్న 'ఎ' అని రెండు లేవు కదా, రాతలో ఎందుకు అని. 1928లో యాన్ చిహోల్డ్ అనే జర్మన్ డిజైనర్ కొత్త టైపోగ్రఫీ (అక్షరాల కూర్పు) మీద పుస్తకం రాసి, మధ్యకి పేర్చే పాత పద్ధతి వదిలేయమన్నాడు. అక్షరాల గీతల చివర తోకలు (సెరిఫ్‌లు) వద్దు, కాగితానికి ప్రమాణ కొలతలు ఉండాలి అన్నాడు. నువ్వు వాడిన ఏ4 కూడా ఆ కాలపు జర్మన్ ప్రమాణమే, 1922 నాటిది. సగానికి మడిస్తే ఏ5, అయినా నిడివి వెడల్పుల నిష్పత్తి మారదు. మా రాయగడ దగ్గర కాగితం మిల్లు ఉంది కాబట్టి చిన్నప్పటి నుంచీ ఆ కొలతలు వింటూ పెరిగాను. దాని వెనక ఇంత పట్టుదల ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది.

యుద్ధాలయ్యాక ఆ ఆలోచన స్విట్జర్లాండ్‌లో స్థిరపడింది. జ్యూరిక్‌లో యోసెఫ్ ముల్లర్-బ్రోక్‌మన్, బాసెల్‌లో ఆర్మిన్ హోఫ్‌మన్, ఎమిల్ రూడర్. 1957లో నోయె హాస్ గ్రోటెస్క్ అనే అక్షరం వచ్చింది, 1960లో దానికే హెల్వెటికా అని పేరు మార్చారు. ముల్లర్-బ్రోక్‌మన్ వాళ్లు 1958లో మొదలుపెట్టిన పత్రిక మూడు భాషల్లో వచ్చేది: జర్మన్, ఇంగ్లీషు, ఫ్రెంచి. ఒకే పేజీలో మూడు భాషలు, ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. గ్రిడ్ వాళ్లకి అలా అవసరమైంది. నీ అట్టదీ అదే అవసరం కదా. అందుకే నీదే సరైన దారి అంటాను.

డీటీపీ బాబాయ్ (బరంపురం)

కంపోజిటర్‌గా మొదలుపెట్టి, తర్వాత పేజ్‌మేకర్, ఇప్పుడు కోరల్ సాఫ్ట్‌వేర్. గ్రిడ్ అన్న మాట మాకు తెలియదు గానీ, సీసపు అక్షరాలు పేర్చేవాడికి గ్రిడ్ తప్ప ఇంకేముంటుంది! అక్షరం నాలుగు పలకల కడ్డీ, వరుసల మధ్య సీసపు పట్టీ, చుట్టూ ఇనుప చట్రం. వంకరగా పెట్టాలన్నా కుదరదు, మిషను మీద ఊడిపోతుంది.

బాబూ, నీ తెలుపుకి నాకు అభ్యంతరం లేదు. కానీ ఒక్కటి అడుగుతాను. మూడు లిపులూ "ఒకే సైజు" అన్నావు. ఏ సైజు? కంప్యూటర్‌లో 36 అని కొట్టావా, కంటికి ఒక్కలా కనిపించేలా పెట్టావా?

మహేంద్రతనయ

36 అనే కొట్టాను బాబాయ్.

డీటీపీ బాబాయ్

అయితే ప్రింట్ తీసి గోడకి అంటించి, పదడుగులు వెనక్కి వెళ్లి చూడు. చూసి చెప్పు.

వంశధార (గుణుపూర్)

నాగావళి గారూ, మీరు చెప్పిన కథ సగం దగ్గర ఆగింది. ఆ బాసెల్ బడిలోనే హోఫ్‌మన్, రూడర్‌ల దగ్గరికి 1964లో వోల్ఫ్‌గాంగ్ వైన్‌గార్ట్ వచ్చాడు. బాబాయ్ లాగే చేత్తో అక్షరాలు పేర్చడం నేర్చుకున్నవాడు. 1968 నుంచి అక్కడే పాఠాలు చెప్పాడు. ఈ పద్ధతి అంతా ముందే తేలిపోయిన లెక్కలా అయిపోయింది, అక్షరం ఇంకా ఏం చేయగలదో చూద్దాం అని మొదలుపెట్టాడు. అక్షరాల మధ్య ఖాళీలు సాగదీశాడు, మెట్లు మెట్లుగా కోశాడు, లిత్ ఫిల్ములు (అచ్చుపనిలో వాడే నలుపు తెలుపు ఫిల్ములు) ఒకదాని మీద ఒకటి పరిచి కొత్త బొమ్మలు తీశాడు. పోస్ట్‌మోడర్న్ అంటే నియమాలు తెలియనివాళ్ల గందరగోళం అనుకుంటారు చాలామంది. వైన్‌గార్ట్‌కి నియమాలన్నీ వేళ్ల చివర ఉన్నాయి.

అమెరికాలో కేథరిన్ మెకాయ్ అనే డిజైనర్ కూడా అంతే. కెరీర్ మొదలైంది యూనిమార్క్‌లో, అంటే హెల్వెటికాని ఊరూరా పాకించిన కంపెనీలో. 1971 నుంచి క్రాన్‌బ్రూక్ ఆర్ట్ అకాడమీలో డిజైన్ విభాగం నడిపింది. చూసేవాళ్లు ఒక్క అర్థమే తీసుకోవాలని ఎందుకు, పొరలు పొరలుగా చదువుకోనివ్వండి అని అక్కడి పిల్లలు పోస్టర్లు చేశారు. 1984లో మాకింతోష్ కంప్యూటర్ వచ్చింది. 1986లో ఏప్రిల్ గ్రైమన్ ఒక డిజైన్ పత్రిక సంచిక మొత్తాన్ని మడతలు విప్పితే నిలువెత్తు తన సొంత బొమ్మ అయ్యేలా చేసింది. స్క్రీన్ మీది చుక్కలు చుక్కలుగానే కనిపిస్తాయి, దాచలేదు.

వీళ్లందరి ప్రశ్న ఒక్కటే. మీరు తటస్థం అంటున్నారే, అది ఎవరి తటస్థం? తెలుపు, ఎడమ మార్జిన్, తోకలు లేని అక్షరం, ఇవన్నీ ఒక చోట పుట్టిన అలవాట్లే కదా. పర్లాకిమిడి పెద్దాయనకి తోరణం లేకపోతే వెలితిగా ఉందంటే ఆయన కన్నులో లోపం లేదు. ఆ చిన్నాన్న కొడుకు చేసిన అట్టలో గంజప్ప గుండ్రాలు ఉన్నాయి, టిక్కెట్లు ఉన్నాయి, ఊరు మాట్లాడుతోంది. నా ఓటు దానికే.

బరంపురం వీధి (బరంపురం)

అక్కా, అలా అయితే మా ఊరి ఫ్లెక్సులన్నీ పోస్ట్‌మోడర్నే. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు కలిపి, నాలుగు రంగుల గ్రేడియంట్, డ్రాప్ షాడో, పైన దేవుడు, మధ్యలో నాయకుడు, కింద ఇరవై మంది పాస్‌పోర్ట్ ఫొటోలు. వెంచూరి, స్కాట్ బ్రౌన్ అనే ఆర్కిటెక్టులు 1968లో యేల్ యూనివర్సిటీ విద్యార్థుల్ని లాస్ వేగాస్‌కి తీసుకెళ్లి రోడ్డు పక్క బోర్డుల్నే పాఠంగా చదివించారు, 1972లో పుస్తకం వేశారు. మా అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర రోజుల్లో మా వీధిని చూస్తే వాళ్లు ఇక్కడే ఉండిపోయేవారు.

నాగావళి

ఇక్కడ నేను ఒప్పుకోను. లాస్ వేగాస్ బోర్డులు వేసినవాళ్లు పోస్ట్‌మోడర్న్ కాదు, వాటిని చదివి తమ పనిలోకి తెచ్చుకున్నవాళ్లు పోస్ట్‌మోడర్న్. మన ఫ్లెక్సు వేసే కుర్రాడు దేన్నీ ధిక్కరించడం లేదు. అతనికి గట్టి నియమాలు ఉన్నాయి. ఎవరి ఫొటో ఎంత పెద్దది, ఎవరు ఎవరికి ఎడమపక్క, చేతులు జోడించాలా ఊపాలా, అన్నీ పదవిని బట్టే. ఒక్క సెంటీమీటరు తప్పితే ఫోన్ వస్తుంది, టెన్షన్ పడతాడు. హెల్వెటికా మాన్యువల్ కంటే కఠినం అది. దానికి పాశ్చాత్యుల పేరు పెట్టి గౌరవం తేనక్కర్లేదు, దాని వ్యాకరణం దానికి ఉంది.

బరంపురం వీధి

ఈ మాట నేనెప్పుడూ ఆలోచించలేదు. నిజమే.

ప్రాణహిత (సిరొంచ)

గడ్చిరోలి వైపు నుంచి ఒక మాట. మా దగ్గర దుకాణం బోర్డు మీద మరాఠీ ఉండాలి, ఆ అక్షరాలు వేరే ఏ లిపి అక్షరాల కంటే చిన్నవి కాకూడదు. 2022లో మహారాష్ట్ర చట్టం సవరించి చెప్పారు. బోర్డులు రాసే మాకు రోజూ ఇదే లెక్క. దేవనాగరికి నెత్తిన గీత ఉంటుంది, అక్షరాలు దానికి వేలాడతాయి. తెలుగుకి తలకట్టు పైన, ఒత్తు కింద. 'దుకాన్' అని రెండు లిపుల్లో రాసి టేపుతో కొలిచాను. తలకట్టు నుంచి కొమ్ము దాకా కొలిస్తే తెలుగు పెద్దది. అక్షరం బొజ్జ మాత్రమే కొలిస్తే దేవనాగరి పెద్దది. రెండూ నిజమే. "సమానం" అని చట్టంలో రాయడం తేలిక, బ్రష్ పట్టుకున్నవాడికి అది ఒక నిర్ణయం.

బాబాయ్ అడిగిన ప్రశ్న చాలా పెద్ద ప్రశ్న.

మహేంద్రతనయ

గోడకి అంటించి చూశాను బాబాయ్. చెప్తాను.

మూడూ 36 పాయింట్లే. ఇంగ్లీషు వరుస గట్టిగా, నిటారుగా నిలబడింది. ఒడియా వరుస చిన్నదైపోయింది. పైన గొడుగులా ఉండే వంపు అన్ని అక్షరాలకీ ఒకటే, తేడా అంతా కింద చిన్న భాగంలో ఉంటుంది, పదడుగుల నుంచి ఆ తేడా కనబడలేదు. తెలుగు పరిస్థితి ఇంకోలా ఉంది. పేరులో 'స్వర్ణోత్సవ జ్ఞాపిక' అని ఉంది. వ ఒత్తు, ణ ఒత్తు, స ఒత్తు, ఞ ఒత్తు, నాలుగూ కిందికి దిగి ఒడియా వరుస నెత్తిని తాకుతున్నాయి. ఇంగ్లీషుకి సరిపోయిన వరుస ఎడం తెలుగుకి చాలలేదు. లోపలి పేజీలో కూడా చూశాను. 14 పాయింట్ల ఇంగ్లీషుకి 17 చాలు. తెలుగుకి 22 దాకా వెళ్తేగానీ పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తగలడం మానలేదు.

నాగావళి అన్నా, అప్పుడు మీ మాట గుర్తొచ్చింది. స్విస్ వాళ్ల పత్రికలో మూడు భాషలు ఉన్నాయి. కానీ ఆ మూడు భాషలదీ ఒక్కటే లిపి. అదే ఎత్తు, అదే అడుగు గీత. గ్రిడ్ వాళ్లకి ముందే సగం పని చేసిపెట్టింది. నేను మూడు భాషలకి గీసిన గ్రిడ్‌లో మూడు లిపులు పెట్టాను. నా అట్ట తటస్థంగా లేదు. ఇంగ్లీషు అక్షరానికి కొలిచి కుట్టిన చొక్కా తెలుగుకీ ఒడియాకీ తొడిగాను.

వంశధార

ఎంత బాగా చూశావు తమ్ముడూ. నా ఓటు మీ చిన్నాన్న కొడుకుకే అన్నాను కదా, ఇప్పుడు కొంచెం ఆలోచనలో పడ్డాను. తను కూడా ఇంగ్లీషు పోస్టర్లలో చూసినట్టే అక్షరాల్ని విడగొట్టాడా? రోమన్ అక్షరాల్ని ఎంత దూరం జరిపినా మాట మాటే. తెలుగులో ఒత్తుని తల్లి అక్షరం నుంచి విడదీస్తే ఇంకో అక్షరం అయిపోతుంది. 'త్స'లో స ఒత్తు పక్కకి జరిగితే అది ఉత్సవం ఎలా అవుతుంది? పగలగొట్టే పద్ధతిని కూడా అరువు తెచ్చుకున్నాం మనం.

పాత బడి (పర్లాకిమిడి)

మన ఊరి సంగతి వచ్చింది కాబట్టి గిడుగు రామమూర్తి గారిని తలుచుకోకుండా ఉండలేను. ఇక్కడే పంతులుగా పనిచేసి, ఇక్కడి నుంచే వాడుక భాష కోసం పోరాడారు. గ్రాంథికం మోడర్నిజం లాంటిది, వ్యావహారికం దాన్ని తిరస్కరించిన పోస్ట్‌మోడర్నిజం లాంటిది అనుకోవచ్చా?

నాగావళి

మాస్టారూ, నాకు తిరగేసి కనిపిస్తోంది. నగిషీలు తీసేయండి, చదివేవాడికి సూటిగా అందాలి, చదువు అందరిదీ కావాలి అన్నది గిడుగు గారి పట్టు. బౌహౌస్ వాళ్ల పట్టు కూడా అదే. అలంకారాన్ని పక్కన పెట్టడానికి వాళ్ల దగ్గర ఉన్న మంచి కారణం అదొక్కటే. కానీ గిడుగు గారు ఇంకో పని కూడా చేశారు. సవర భాష నేర్చుకుని, ఆ మాటలు ఎలా ఉన్నాయో అలాగే రాసుకున్నారు, తెలుగులోకి ఒదిగించలేదు. ఆయన్ని ఏ గడిలోనూ పెట్టలేం.

వంశధార

సవర అన్నారు కాబట్టి. మా గుణుపూర్ ప్రాంతంలోనే మంగేయి గొమాంగో 1936లో సవర భాషకి సొరా సొంపెంగ్ లిపి తయారుచేశారు. ఒడియా, తెలుగు, రోమన్ ఏదీ తమ నోటికి సరిపోదనుకున్న చోట లిపి పుట్టింది. అది యూనికోడ్‌లోకి వచ్చేసరికి 2012. లిపి తటస్థమైన పాత్ర కాదని ఇక్కడివాళ్లకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. సవర ఇళ్లలో గోడ మీద ఇడితాల్ బొమ్మలు వేస్తారు. ఎర్రమట్టి గోడ, తెల్లటి బియ్యప్పిండి. మా ఇంటి దగ్గర ఒక పెద్దాయన వేస్తుంటే కూర్చుని చూశాను. ముందు అంచు గీశారు. నాలుగు వైపులా చట్రం, దాని మీద సన్నని గీతలు. ఆ తర్వాత లోపలికి వెళ్లారు. మనుషులు, చెట్టు, గుర్రం, ఈమధ్య సైకిలు కూడా. చట్రం ఉంది, లోపల కిక్కిరిసి ఉంది. ఆ రెండూ కొట్టుకోవడం లేదు.

నాగావళి

చిహోల్డ్ గురించి సగమే చెప్పాను, మిగతాది చెప్పకపోతే అన్యాయం. 1933లో నాజీలు అతన్ని అరెస్టు చేశారు, తర్వాత స్విట్జర్లాండ్‌కి వెళ్లిపోయాడు. తాను యవ్వనంలో రాసిన "ఇదొక్కటే దారి" అన్న గొంతులో తనను తరిమినవాళ్ల గొంతు పోలిక వినిపించింది అతనికి. 1946లో స్విస్ డిజైనర్ మాక్స్ బిల్‌తో దీని మీదే పెద్ద తగువు. 1947 నుంచి 49 దాకా ఇంగ్లండ్‌లో పెంగ్విన్ ప్రచురణల పుస్తకాలు చూసుకున్నప్పుడు పేర్లు మళ్లీ మధ్యకి పేర్చాడు. తోకలున్న అక్షరాలే వాడాడు. కానీ కామా తర్వాత ఎంత ఖాళీ ఉండాలో కూడా కంపోజిటర్లకి కాగితం మీద రాసిచ్చాడు. శైలి మారింది, శ్రద్ధ మారలేదు. ఈ తగువులో నాకు అందరికంటే దగ్గరివాడు ఆయనే.

డీటీపీ బాబాయ్

పెద్ద పెద్ద పేర్ల మధ్య నాదొక చిన్న మాట. అమెరికాలో డేవిడ్ కార్సన్ అనే ఆయన ఒక ఇంటర్వ్యూ నచ్చక మొత్తం బొమ్మల ఫాంటులో వేసేశాడని మా అబ్బాయి చూపించాడు. నాకు నచ్చలేదు. కంపోజిటర్‌కి ఆ హక్కు లేదు.

ఎందుకంటే, చాలా ఏళ్ల కిందట ఒక శుభలేఖ చేశాను. అక్షరాల వెనక కలశం బొమ్మ రావాలన్నారు. ముహూర్తం వరుస సరిగ్గా కలశం నోటి మీదికి వచ్చింది. ఎరుపు మీద మెరూన్. ప్రూఫ్‌లో చదవగలిగాను, ఎందుకంటే నేను కొట్టిందే కదా, నాకు తెలుసు. పెళ్లికి ఇచ్ఛాపురం నుంచి రావాల్సిన ముసలాయన, పెళ్లికూతురి మేనమామ, 9ని 1గా చదువుకున్నారు. ఆయన వచ్చేసరికి తలంబ్రాలు అయిపోయాయి. మండపం మెట్ల మీద కార్డు పట్టుకుని కూర్చున్నారు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ వరుస మాత్రం నాకు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

పొరలు వేసుకోండి, రంగులు పోసుకోండి. తేదీ, వేళ, పేరు, ఈ మూడింటి మీద మాత్రం చెయ్యి వెయ్యకండి.

ప్రాణహిత

బాబాయ్, ఈ మాట మా షాపులో రాసి పెట్టుకుంటాను.

ఫాంట్ కోసం చూస్తుంటే ఒకటి చెప్తాను మహేంద్రతనయ గారూ. ఫాంట్లు చేసే ఎక్ టైప్ వాళ్ల బలూ ఫాంట్ కుటుంబం చూడండి. దేవనాగరి, తెలుగు, ఒడియా అన్నీ ఉన్నాయి. తెలుగుది 'బలూ తమ్ముడు', ఒడియాది 'బలూ భైనా'. పేరులోనే చుట్టరికం. ఒకే కొలతకి అందరినీ కోయకుండా ఏ లిపి వంపు దానికి ఉంచి, బరువు మాత్రం కలిపారు. నోటో ఫాంట్ కూడా దాదాపు అన్ని లిపులకీ ఉంది, కానీ అట్ట మీద పెద్దగా వేస్తే నాకు చప్పగా అనిపిస్తుంది. అది తెర మీద చదవడానికి మంచిది.

మహేంద్రతనయ

మూడు రోజులు కూర్చున్నాం, నేనూ మా చిన్నాన్న కొడుకూ కలిసే. ఇప్పుడు అట్ట ఇలా ఉంది.

గ్రిడ్ ఉంచాను, కానీ కొలత మార్చాను. తెలుగు వరుసకి తలకట్టు నుంచి ఒత్తు చివర దాకా ఎంత చోటు కావాలో ముందు కొలిచి, దాన్ని ఒక గడి చేశాను. మిగతా రెండూ ఆ గడిలోకి వచ్చాయి. పదడుగుల నుంచి చూస్తూ సైజులు దిద్దాం. తెలుగు 36, ఒడియా 41, ఇంగ్లీషు 31. ఇంగ్లీషు తగ్గించినందుకు కమిటీలో ఒకరు అడిగారు. గోడ దగ్గరికి తీసుకెళ్లి చూపించాను, ఇంకేం అనలేదు.

వాడి పొరలు పూర్తిగా పోలేదు. ఇడితాల్ సంగతి చదివాక చుట్టూ రెండంగుళాల అంచు వేసి, శుభలేఖల ముక్కలు, టిక్కెట్లు, గంజప్ప గుండ్రాలు అన్నీ అందులోకి కిక్కిరిసేలా పేర్చాడు. మధ్య తెలుపు. పెద్దాయనకి తోరణం దొరికింది. వాడికి మాత్రం సగమే తృప్తి. ముక్కల్ని అంచుకి పంపడమంటే వాటిని మళ్లీ నగిషీ చేయడమే అంటున్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

బాబాయ్, ప్రెస్‌కి మీ దగ్గరికే తేనా?

వంశధార

మీ తమ్ముడు అన్నది నిజం. లోపలి పేజీల్లో ఒకటి తనకి పూర్తిగా వదిలెయ్. బాబాయ్ చెప్పిన మూడూ లేని పేజీ.

డీటీపీ బాబాయ్

తీసుకురా బాబూ. ఫాంట్లన్నీ కర్వ్స్ (అక్షరాలకి బదులు గీతల బొమ్మలు) చేసి తీసుకురా, లేకపోతే మా మిషన్‌లో ఒత్తులు విడిపోతాయి. చేశాక స్వర్ణోత్సవంలో ణ ఒత్తు ఉందో లేదో ఒకసారి చూసుకో. ఒడియా వరుస ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్ల చేత చదివించు, మనం చదివితే చాలదు. అంచు ముక్కలు కటింగ్‌లో పోకుండా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ వదులు. మంగళవారం పొద్దున్నే వస్తే ప్లేటుకి ముందు ప్రూఫ్ గోడకి అంటించి ఇద్దరం చూద్దాం. మా షెడ్డు పద్నాలుగు అడుగులు ఉంటుంది.